ఆ గీత ఎందుకు గీశావు?

విజయవాడ,
ఆదివారం.

చి. బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చదవడానికి కళ్లు సహకరించక మీ మామయ్య చేత ప్రింటు తీయించుకుని, పెన్సిలు చేతపట్టుకుని మరీ చదివాను. పత్రిక పని నుంచి రిటైరయినా ఆ అలవాటు పోలేదు. పెళ్లి శుభలేఖ వచ్చినా ముందు అచ్చుతప్పులే కనబడతాయి నాకు. మొన్న మీ బాబాయి వాళ్ల గృహప్రవేశం కార్డులో రెండు దొరికాయి. నోరు మూసుకుని భోంచేసి వచ్చాను.

మీరు పుస్తకంగా వేస్తున్న శ్రీకాకుళం మాస్టారి జ్ఞాపకాల్లో నువ్వు సవరించిన రెండు పేజీలతో పాటు సవరించక ముందువి కూడా పంపడం మంచి పని. దిద్దినవి మాత్రమే పంపి ‘ఎలా ఉంది అత్తా’ అని అడిగి ఉంటే బాగుందని చెప్పి ఊరుకునేదాన్నేమో. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఎంతవరకు మార్చవచ్చని అడిగావు. మీ ఆఫీసులో ఒకరు మొత్తం తిరగరాసెయ్యమంటున్నారనీ, ఇంకొకరు అక్షరదోషాలు చూసి వదిలెయ్యమంటున్నారనీ రాశావు. ఇద్దరి మాటా పక్కన పెట్టు. ఇంతని కొలత గీసి ఇవ్వడం నావల్ల కాదు. నేను పాటించింది ఒక్కటే. పెట్టిన ప్రతి గీతకీ, రచయిత ఎదురుగా కూర్చుని ‘ఇదెందుకు కొట్టేశావమ్మా’ అంటే జవాబు చెప్పగలగాలి. ‘ఇలా అయితే బావుంటుందనిపించిందండీ’ అన్నది జవాబు కిందికి రాదు. కారణం నోటికి రాకపోతే పెన్సిలు కింద పెట్టెయ్యాలి. కారణం వచ్చిందా, వాక్యం ఎంత పెద్దవాళ్లదైనా సరే, గీత పెట్టాలి.

ఇప్పుడు నీ పేజీలకు వద్దాం. మాస్టారు ఇలా రాశారు: ‘అయ్య బడికి పంపనన్నాడు. అమ్మ చోడంబలి గిన్నె కింద పెట్టీసి, గుంటడు సదువుకుంటే నీకేటి? అనీసింది. ఇంకేటంటాడు, పంపీసినాడు.’

నువ్వు దాన్ని ఇలా చేశావు: ‘మా తండ్రిగారు నన్ను పాఠశాలకు పంపడానికి నిరాకరించడం జరిగింది. అయితే మా తల్లిగారు చేతిలోని రాగిజావ పాత్రను కింద ఉంచి, నా విద్యాభ్యాసానికి మద్దతు తెలపడంతో ఆయన అంగీకరించారు.’

వ్యాకరణం చూస్తే నీ వాక్యంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ బుజ్జీ, ఆ తల్లి నోరు నొక్కేశావు కదే! మాస్టారి వాక్యంలో ఆవిడ మొగుడి ముందు నిలబడి మాట్లాడింది. నీ వాక్యంలో మద్దతు తెలిపింది. అసెంబ్లీలో తీర్మానానికి తెలిపినట్టు. ‘ఇంకేటంటాడు’ అన్న ఒక్క మాటలో ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఆ తండ్రి పైకి ఎంత గట్టిగా ఉండి లోపల ఎంత మెత్తనివాడో అంతా ఉంది. దాన్ని ‘అంగీకరించారు’ అనేస్తే ఆయన సంతకం పెట్టి పంపినట్టుంది. ఇక ‘నిరాకరించడం జరిగింది’. నిరాకరించింది ఆయన అయినప్పుడు జరిగేదేమిటి మధ్యలో? ఈ ‘జరిగింది’ని సర్కారు ప్రకటనల నుంచి పేపర్లూ, పేపర్ల నుంచి మనమూ అంటించుకున్నాం. ఎక్కడ కనబడినా కొట్టెయ్యి, దీనికి ఎవరినీ అడగక్కర్లేదు.

చోడంబలి దగ్గర ఎందుకు ఆగావో నాకు తెలుసు. మనవైపు రాగులంటాం, తెలంగాణలో తైదలంటారు, ఉత్తరాంధ్రలో చోళ్లంటారు. ఆదిలాబాదు పాఠకుడికి అర్థం కాదేమో అన్నది న్యాయమైన అనుమానమే. దానికి మందు రాగిజావ మాత్రం కాదు. మాస్టారినే అడిగితే, అంబలి కాచే సంగతి ఆయనే ఇంకో రెండు వాక్యాలు రాస్తారు. చోళ్లు ఎప్పుడు దంపేవాళ్లో, రాత్రి పులిసిన అంబలి పొద్దున ఎలా తాగేవాళ్లో ఆయనకి తెలిసినంత నీకూ నాకూ తెలియదు. ఎడిటర్ అడిగిన ఒక ప్రశ్నకు పుస్తకంలో ఒక పేరా అలా పుడుతుంది. అంతకీ కుదరకపోతే పేజీ అడుగున ఒక చిన్న వివరణ వేసుకో. కథల్లో అడుగు వివరణలు నాకు గిట్టవు గానీ జ్ఞాపకాల పుస్తకం ఓర్చుకుంటుంది.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఆ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగులో పాఠాలూ పుస్తకాలూ ఉండాలని ఆయన జీవితమంతా పండితులతో పోట్లాడాడు. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజున, ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుని శాలువాలు కప్పుకుంటాం. ఆ మర్నాడు ఆఫీసుకొచ్చి ఆ జిల్లావాడి ‘నీకేటి’ని ‘నీకేమిటి’గా దిద్దుతాం. రావిశాస్త్రి విశాఖ కోర్టు గుమ్మంలో వినబడే తెలుగునీ, యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’లో పాలమూరు తెలుగునీ, నామిని చిత్తూరు తెలుగునీ కాగితం మీద పెట్టారు. వాళ్ల కాపీ మనలాంటి ఓ చురుకైన సబ్‌ఎడిటర్ చేతిలో పడి, ఆ రోజు ఆవిడకి ఓపిక బాగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించు.

మాండలికం అంటే ముట్టుకోవద్దని మాత్రం అనుకోకు. మాస్టారు కూడా ఒకచోట ‘పంపీసినాడు’ అనీ, నాలుగు లైన్ల తర్వాత ‘పంపించారు’ అనీ రాశారు, అదే తండ్రి గురించి. అది అడగాల్సిన సంగతే. పెద్దయ్యాక తండ్రి మీద గౌరవంతో అలా రాశారా, టైపు చేసిన కుర్రాడు మార్చాడా, లేక ఆయనకే పట్టింపు లేదా? ఈ మూడింటికీ మూడు రకాల సవరణ.

నువ్వు భాష మీద అంత కష్టపడుతున్నప్పుడు నీ పక్కనుంచి ఏమేం వెళ్లిపోయాయో చూడు. రెండో పేజీలో ‘హెడ్మాస్టారు కొట్టిన గుంటడు’ అని ఉంది. దాని మీద నీ గీత లేదు. తర్వాతి పేరాలో ఆ గుంటడు ఊరొదిలి ఖరగ్‌పూర్ రైలెక్కి పారిపోయాడనీ, హెడ్మాస్టారు వారం రోజులు తలకు కట్టుతో తిరిగారనీ ఉంది. అంటే కొట్టింది ఎవరు? ‘హెడ్మాస్టారుని కొట్టిన గుంటడు’ అయి ఉండాలి. టైపులో ‘ని’ ఎగిరిపోయింది. ఒక్క అక్షరం పోతే తన్నినవాడు తన్నులు తిన్నవాడయిపోయాడు. మన భాషలో ఈ ప్రమాదం ప్రతి పేజీలోనూ పొంచి ఉంటుంది. ఎవరు ఎవరిని అన్నది ఆగి చూసుకోకుండా ముందుకు పోకు.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ‘1949లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టాను’ అని మొదటి లైను. విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడిపోయింది 1950లో. ‘ఇప్పటి శ్రీకాకుళం జిల్లా’ అంటే సరిపోతుంది, అది చిన్నదే. కింద చూడు: ‘1955లో మూడో తరగతిలో చేరినప్పుడు అమ్మ పది పైసలు పెట్టి పలక కొంది.’ నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. అణా, బేడ, పావలా లెక్కలు తప్ప ఈ పది పైసల లెక్క లేదు. మరి సంవత్సరం తప్పా, పైసలు తప్పా?

నువ్వయితే పైసల్ని అణాలు చేసేద్దువు. తొందరపడకు. 1949లో పుట్టినవాడు 1955లో మూడో తరగతిలో ఎలా ఉంటాడు? ఆరేళ్లే కదా. అదే 1957, 58 అనుకుంటే వయసూ కుదురుతుంది, పది పైసలూ కుదురుతాయి. ఆయనకి బిళ్ల సరిగ్గా గుర్తుంది, సంవత్సరమే జారిందని నా ఊహ. కొత్త డబ్బు చేతిలో పడ్డ పిల్లవాడు బిళ్లని మర్చిపోడు. అయితే ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ రోజుల్లో పుట్టినరోజు బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిందే. ఎంతమంది పెద్దవాళ్ల సర్టిఫికెట్లలో జూలై 1 ఉంటుందో చూడు. పుట్టిన సంవత్సరమే అటూఇటూ అయి ఉండవచ్చు. లేదా ఈ కాలం పాఠకులకు అణాలు తెలియవని ఆయనే పైసలు చేసి రాశారేమో. ఇవన్నీ మన ఊహలు. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన ఫోన్ నంబరు నీ దగ్గరుంది.

అడగడానికి రచయిత లేనప్పటి కష్టం చూస్తే నీ పని ఎంత సులువో తెలుస్తుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేద్దామనుకునేసరికి వేమన లేడు, ఏ ప్రతిలో ఉన్న పద్యం ఆ ప్రతిలో ఉంది, తాటాకుల మీద రాయసగాళ్లు చేసిన తప్పులు వాటిమీద. పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, ప్రతులు పోగేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించాడు. 1829లో 693 పద్యాలతో మొదటి పుస్తకం వేశాడు. అక్కడితో ఆగక పదేళ్లకు, 1839లో, 1164 పద్యాలతో మళ్లీ వేశాడు. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి మహానుభావులు జీవితాలు ధారపోసింది ఈ పనికే. కవి ఏం రాసి ఉంటాడో తేల్చడానికి వాళ్లు ఒక్కో మాట దగ్గర రోజులు గడిపారు. నువ్వు ఒక్క ఫోన్ చెయ్యడానికి మొహమాటపడుతున్నావు.

మొహమాటం ఎందుకో కూడా నాకు తెలుసులే. పెద్దాయన ఏమనుకుంటారో అని. రచయితలు కోప్పడేది మార్చినందుకు కంటే చెప్పకుండా మార్చినందుకు ఎక్కువ. మా వారపత్రిక రోజుల్లో టపాలో కథలు బస్తాల్లో వచ్చేవి. అరఠావు కాగితానికి ఒకవైపే రాసి, తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు పెట్టి, ‘ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం జత చేసి పంపేవాళ్లు. కొత్తవాళ్ల కథల్లో చాలావాటికి మొదటి పేజీ దండగ. తూర్పున సూర్యుడు ఉదయించడం, పక్షులు కిలకిలమనడం, నాయకుడు ఆవలించి కిటికీ తెరవడం. అసలు కథ రెండో పేజీలో తలుపు తట్టేది. ఆ మొదటి పేజీ తీసేస్తే వేసుకోవచ్చనిపించిన కథకి నేను కార్డు ముక్క రాసేదాన్ని: ‘మీ కథ రాములమ్మ బావి దగ్గరికి వచ్చిన దగ్గర మొదలవుతోంది. అంతకు ముందుది తీసేస్తే మీకు సమ్మతమేనా?’ అని. చాలామంది ‘మీ ఇష్టం’ అని రాసేవాళ్లు. ఒకాయన మాత్రం ఆ సూర్యోదయం లేకపోతే కథే వద్దన్నాడు. కథ తిప్పి పంపాం. ఆయన హక్కు అది.

చోటు చాలనప్పుడు అడిగే తీరిక ఉండదు, నిజమే. రాత్రి పొద్దుపోయాక ప్రకటన ఒకటి ఊడిపడుతుంది, కథలో పన్నెండు లైన్లు పోవాలంటారు. వార్త అయితే తోక కోసేస్తాం. వార్తను రాసేదే అలా, ముఖ్యమైంది ముందు పెట్టి. కథకి తోక కోస్తే చచ్చిపోతుంది. కాబట్టి క్రియావిశేషణాల్లో వెతుక్కో, ‘ఎంతగానో’, ‘ఒక్కసారిగా’, ‘మౌనంగా’ లాంటివాటిల్లో. ఒకే సంగతి రెండుసార్లు చెప్పిన చోట్లుంటాయి, అక్కడా దొరుకుతాయి. పన్నెండు లైన్లు దొరక్కపోతే అది ఎవరో ఘనాపాఠీ రాసిన కథ అయ్యుండాలి. అలాంటప్పుడు ప్రకటన మేనేజరుతో పోట్లాడాలి. మా కాలంలో పోట్లాడేవాళ్లం. గెలిచింది తక్కువ.

ఇంతా చెప్పి, తిరగరాయడం పాపం అంటున్నానని అనుకోకు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో చేసిన పని ఏమిటి? వచ్చిన కథల్ని తిరగరాయడమే పెద్ద భాగం. చాలాకాలం సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణి గారిది. కుటుంబరావు గారి చెయ్యి పడని కథ అరుదు, ఆయన పేరు కనబడిన కథ ఇంకా అరుదు. పిల్లవాడు ఎక్కడా తడబడకుండా చదువుకుపోవాలి, అదీ ఆయన పెట్టుకున్న లెక్క. అక్కడ పత్రికకంతటికీ ఒకే గొంతు కావాలి, కథలు జానపదాలు, రాసి పంపినవాళ్లకీ ఆ సంగతి తెలుసు. తిరగరాయడానికి కారణం ఉంది. మాస్టారి జ్ఞాపకాలకు ఆ కారణం చెల్లదు. ఆయన గొంతు కోసమే ఎవరైనా ఆ పుస్తకం కొంటారు. గొంతు తీసేస్తే మిగిలేవి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ల తేదీలు.

ప్రూఫుల సంగతి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. సీసపు అక్షరాల రోజుల్లో గవర్నర్‌పేట ప్రెస్సుల్లో కంపోజిటర్లు అక్షరాల్ని తలకిందులుగా, అద్దంలో చూసినట్టు చదివేవాళ్లు. చేతివేళ్లు కేసులో గడుల మీద వాటంతట అవే వెళ్లేవి. ప్రూఫంతా సరిగ్గా దిద్దినా, మెషీన్ మీద ఫారం తిరుగుతుండగా ఏదో ఒక వత్తు విరిగేది. సగం ప్రతుల్లో తప్పు, సగంలో ఒప్పు. ఇప్పుడు వత్తులు విరగవు, మాయమవుతాయి. మాస్టారి ఫైలు ‘అను’ ఫాంట్లలో టైపు చేసి ఉంటే, దాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఏయే వత్తులు రాలిపోయాయో మొదట చూసుకో. ఒకసారి ఒక తప్పు కనబడితే అదే తప్పు పుస్తకమంతా ఉంటుంది, ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోకుండా వెతికి అన్నీ ఒకేసారి మార్చెయ్యి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట, వ విడిగా ఉండాల్సినవి అతుక్కుపోతాయి. ఇంకో దొంగ ఉన్నాడు, కంటికి దొరకడు. కొందరు సున్నా కొట్టాల్సిన చోట తెలుగు అంకెల్లోని సున్నా కొడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. ‘అంబలి’ అని వెతికితే ఆ పేజీలో ఉన్న అంబలి కంప్యూటరుకి దొరకదు. ఈ-బుక్ చేసేవాళ్లు తలలు పట్టుకునేది ఇక్కడే. మొదటి రోజే ఆ అంకె సున్నాలన్నీ మార్చి పారెయ్యి.

తప్పులు ఎక్కడ దాక్కుంటాయో చెప్పనా? పెద్ద అక్షరాల్లో. అట్ట మీద, అధ్యాయం పేర్లలో, ముందుమాట రాసినవారి ఇంటిపేరులో. లోపలి చిన్న అక్షరాల్ని భూతద్దం పెట్టి చూస్తాం, అట్టని మాత్రం బొమ్మలా చూసి వదిలేస్తాం. ప్రూఫు ఒక్కదానివే చూడకు. ఒకరు మూలప్రతి పైకి చదవాలి, ఒకరు ప్రూఫు చూడాలి. పైకి చదివించడంలో ఇంకో లాభం ఉంది. చదివేవాళ్లు ఎక్కడ ఊపిరి కోసం ఆగారో అక్కడ వాక్యం పొడవెక్కువయిందన్నమాట. మనకి క్రియ చివర్న వస్తుంది కదా, అది వచ్చేదాకా పాఠకుడు బరువంతా నెత్తిన మోసుకుంటూ నడవాలి. ‘వచ్చి, చూసి, అడిగి, విని, వెళ్లి’ అంటూ ఐదు పనులు ఒకే వాక్యంలో చేయించకు. మధ్యలో కర్త మారిపోతే మరీ ప్రమాదం.

ఇక నీ కథల గురించి. రోజంతా పరాయివాళ్ల వాక్యాలు దిద్ది ఇంటికొస్తే ఒక్క వాక్యం రావడం లేదనీ, వచ్చినా వెంటనే కొట్టేస్తున్నాననీ రాశావు. ఎందుకు రాదు? ఆ వేళకి నీలో ఎడిటర్ ఇంకా కుర్చీ దిగి ఉండదు. ఆఫీసుకి వెళ్లే ముందు రాసుకో, ఎంత వస్తే అంత. దిద్దడం ఆదివారానికి వాయిదా వెయ్యి. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు ఆంధ్రజ్యోతి వారపత్రిక నడుపుతూనే పురాణం సీత పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు. ఒకే మనిషి, రెండు పనులు. కుదురుతుంది. కాకపోతే ఆ పత్రిక ఆయనదే, నీ కథను నువ్వే ఎంపిక చేసుకునే భాగ్యం నీకు లేదు.

నీ కథ రెండుచోట్ల నుంచి తిరిగొచ్చిందని బాధపడ్డావు. నాకు పంపావు కాబట్టి చెబుతున్నాను, తిరిగి రావాల్సిందే అది. అందులో అత్తగారూ కోడలూ మాట్లాడుకునేది మనుషులు మాట్లాడుకునేలా లేదు, ఇద్దరూ నీలాగే మాట్లాడుతున్నారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు తీసి, సంభాషణలు మాత్రం చదువుకుంటూ పో. ఎవరు మాట్లాడుతున్నారో ఆయన చెప్పని చోట కూడా తెలిసిపోతుంటుంది. మీ అమ్మమ్మ ఫోన్లో మాట్లాడేటప్పుడు ఊరికే విను, నోట్సు రాసుకోకు, విను.

తిరగరాయడానికి సిగ్గుపడకు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మంచి పేరే వచ్చింది. గురజాడ అక్కడితో సంతోషపడి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. 1909లో వచ్చిన రెండో కన్యాశుల్కం దాదాపు వేరే నాటకం. మధురవాణి అంత మనిషి అయింది ఆ రెండో రాతలోనే. మనం ఇవాళ తలచుకునేదంతా, సందర్భం వచ్చినప్పుడల్లా మన నోటికి వచ్చే మాటలన్నీ అందులోవే. మొదటిది పరిశోధకులు చదువుతారు. మెప్పు వచ్చిన రచనని పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ముందేసుకుని కూర్చోవడం మామూలు విషయం కాదు. నువ్వు రెండు తిరస్కారాలకే ఫైలు డిలీట్ చేద్దామనుకుంటున్నావు.

యంత్రం చేత రాయించిన కథలు వస్తున్నాయని, ఎలా పట్టుకోవాలని అడిగావు. పోలీసు పని మనకెందుకు? రచయితకి ఫోన్ చేసి కథలో లేనిది అడుగు. ఆ ఊళ్లో పాలు ఎవరు పోస్తారు, ఆ ఇంటి గుమ్మం ఎటు తిరిగి ఉంటుంది, ఆ ముసలావిడ ఏ దవడతో వక్క నములుతుంది అని. రాసినవాడికి కథలో పెట్టనిది కూడా బోలెడు తెలిసి ఉంటుంది. తెలియకపోతే కథ మనిషి రాసినా, యంత్రం రాసినా వేసుకోదగ్గది కాదు.

జీతం గురించి కొత్తగా చెప్పేదేముంది. ఈ పనిలో ఎవరూ మేడలు కట్టలేదు. వెయ్యి కాపీలు వేస్తే గొప్పగా చెప్పుకునే చోట ఎడిటర్‌కి ఎంత మిగులుతుంది? జీతం సంగతి మీ నాన్నకి నేను సర్దిచెబుతాను, నువ్వు వాదించకు. పుస్తకంలో నీ పేరు వేయమని మాత్రం అడుగు, ఇంప్రింట్ పేజీలోనైనా సరే. మా తరం ఆ మాట అడగకపోవడం వినయమనుకుంది. పేరు ఉంటే బాధ్యత కూడా ఉంటుంది, ఆ మేరకు పని జాగ్రత్తగా చేస్తావు.

ఇప్పుడు చెయ్యాల్సింది: నీ రెండు పేజీలూ పక్కన పడేసి మాస్టారి మూలప్రతి మళ్లీ తెరువు. మొదటి మూడు అధ్యాయాలు పెన్సిలుతో చదివి, ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకో. పలక సంగతి, జిల్లా సంగతి, హెడ్మాస్టార్ని కొట్టిన గుంటడి సంగతి అందులో ముందుండాలి. ఫోన్ సాయంత్రం పూట చెయ్యి, రిటైరయిన మాస్టర్లకి తీరిక అప్పుడే. ఆ తర్వాత దిద్దిన అధ్యాయాలు ముందు నాకు పంపకు. ఆయనకి పంపు. పుస్తకం ఆయనది.

ఉంటాను,
మీ అత్త